గడగడా మాట్లాడాడు, పని రాలేదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఈమధ్యే మేనేజర్‌నయ్యాను. నేను ఎంపిక చేసిన టెస్టర్ ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడాడు. తీరా చేరాక బగ్ రిపోర్ట్ (సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పు వివరాలు) కూడా సరిగ్గా రాయలేకపోతున్నాడు. ఇంకో ఇద్దర్ని తీసుకోవాలి. పొరపాటు ఎక్కడ జరిగిందండీ?

జవాబు: బహుశా ఇంటర్వ్యూకి ముందే. ఏం చూడాలో రాసుకోకుండా కూర్చుంటే మాటకారికే మార్కులు పడతాయి. ఎంపిక పద్ధతులపై 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూయే పనితీరును బాగా అంచనా వేస్తుందని తేలింది.

టెస్టర్‌కి కావలసినవి నాలుగు రాసుకోండి, అయిదో దానికి ఆశపడొద్దు. ఒక్కో దానికి 1 నుంచి 5 మార్కులు. ఏ జవాబుకి ఎంతో ముందే తేల్చుకోండి. కావాలని మూడు తప్పులు పెట్టిన లాగిన్ పేజీ ఇచ్చి, 15 నిమిషాల్లో రిపోర్ట్ రాయమనండి. ‘లాగిన్ పనిచేయట్లేదు’ అని వదిలేస్తే 1. ‘పాస్‌వర్డ్ చివర స్పేస్ పడితే, బటన్ నొక్కాక పేజీ ఖాళీగా వస్తోంది, తప్పు పాస్‌వర్డ్ అని చెప్పాలి’ అని, ఏ బ్రౌజర్‌లో చూశారో కూడా రాస్తే 4 ఇవ్వొచ్చు.

పాత అనుభవం అడిగినప్పుడు ‘చేశాం, కట్టాం, రిలీజ్ చేశాం’ అంటారు. ఆ ‘చేశాం’ దగ్గరే ఆగండి. ‘అందులో మీరు చేసిందేంటి? ఏ రోజు ఏది ఆగిపోయింది? మొదట ఎవరికి చెప్పారు?’ అనండి. చేసినవాళ్లకి చిన్న చిన్న వివరాలు గుర్తుంటాయి. విన్నవాళ్లు మళ్లీ ‘టీం’ దగ్గరికే పోతారు. వాళ్లు ఆలోచిస్తున్నప్పుడు జవాబు అందించకండి, చాలామంది మేనేజర్లకి ఈ జబ్బుంది.

ఇంకోటి. అభ్యర్థి తెలుగువాడైతే ‘మీదేవూరు?’ దగ్గర మొదలై పది నిమిషాలు గోదావరి ఒడ్డునే గడిచిపోతాయి, మార్కులూ తెలియకుండానే పెరుగుతాయి. ప్యానెల్‌లో ఉన్న కన్నడ సహోద్యోగికి ఆ కబుర్లు అర్థం కావు కూడా. ఊళ్ల ముచ్చట మార్కులు వేశాక పెట్టుకోండి. పెళ్లి, పిల్లల సంగతి మాత్రం ఎప్పుడూ అడగొద్దు. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వాళ్లు రాసుకున్నాకే చర్చ మొదలుపెట్టండి. పెద్దాయన అందరికంటే ముందుగా నోరు విప్పితే మిగతావాళ్ల అంకెలు ఆయన వైపే జరుగుతాయి.

చివరి పది నిమిషాలు వాళ్ల ప్రశ్నలకి వదలండి. పాత కంపెనీ వదలడానికి ఇవ్వాల్సిన నోటీసు 90 రోజులైతే, ఆఫర్ ఇచ్చాక రెండు వారాలకోసారి ఫోన్ చేస్తూ ఉండండి. ఆ మూడు నెలల్లో ఇంకో ఆఫర్ పట్టుకోవడం ఇక్కడ మామూలే.