కడప నుంచి ఫ్రెంచ్ లేదా స్పానిష్ బీఏ: ఎక్కడ చేరాలి, ముందు ఏం పట్టుకోవాలి

ప్రొద్దుటూరులో ఇంటర్ రెండో సంవత్సరం, సీఈసీ, పదో తరగతి దాకా తెలుగు మీడియం అని రాశారు. ఫ్రెంచో స్పానిషో మేజర్‌గా తీసుకోవాలని ఉంది గానీ ఒక్క ముక్క రాదు, తట్టుకోగలనా అని అడిగారు. ముక్క రాకపోవడం అడ్డం కాదు, ఈ డిగ్రీల్లో ఎక్కువ భాగం అక్షరాల నుంచే మొదలవుతాయి. అడ్డం వచ్చేది ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషు మీదుగా తిప్పి నేర్చుకునే అలవాటు.

చోట్ల సంగతి తొందరగా చెప్పేస్తా. ఈ మేజర్ కోసం మన జిల్లాలు దాటాల్సిందే. దగ్గరిది హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ). ఢిల్లీ పోగలిగితే జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ మూడూ ఒకే డిపార్ట్‌మెంటు కింద ఉంటాయి. ఢిల్లీవి రెండూ సీయూఈటీతోనే, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్షతోనే. ఇఫ్లూ పద్ధతి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. 2025లో మారిన పద్ధతిలో సీయూఈటీకి ఎక్కువలో ఎక్కువ 5 పేపర్లు పెట్టుకోవచ్చు. ఒక్కో పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, తప్పుకు ఒక మార్కు కోత. చదవక చెడేవాళ్ళ కంటే అప్లికేషన్ దగ్గర చెడేవాళ్ళే ఎక్కువ. మార్కులు వస్తాయని లాంగ్వేజి పేపరుగా తెలుగొక్కటే టిక్కు పెట్టి, తీరా ఆ కోర్సు ఇంగ్లీషు పేపరు అడిగితే ఎన్ని మార్కులొచ్చినా పనికిరావు. కోర్సువారీగా ఏ పేపర్లు అడుగుతున్నారో ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫారం తెరవండి.

రెంటిలో ఏదంటే, మీకు స్పానిష్ అంటాను. సీబీఎస్‌ఈ స్కూళ్ళలో ఫ్రెంచ్ చదివొచ్చిన పిల్లలు క్లాసులో పక్కనే కూర్చుంటారు, మొదటి సెమిస్టరులో వాళ్ళను చూసి బెదిరేవాళ్ళు చాలామంది. స్పానిష్‌లో దాదాపు అందరూ సున్న నుంచే మొదలు. పైగా స్పానిష్ తెలుగుకు విచిత్రంగా దగ్గర.

'నాకు ఈ పండు నచ్చింది' చూడండి. స్పానిష్‌లో 'మే గుస్తో ఎస్తా ఫ్రూతా'. పండ్లయితే 'నచ్చినాయి' అంటాం కదా, అక్కడా క్రియ బహువచనమై 'గుస్తారోన్' అవుతుంది. 'మే' అంటే నాకు, క్రియ పండుతో పోతుంది. ఇంగ్లీషు మీదుగా పోయేవాళ్ళు ఇక్కడ 'నేను' కోసం వెతుక్కుంటూ నెల పోగొట్టుకుంటారు. అట్లే 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలుంటాయి, ఇంగ్లీషులో రెండూ 'ఈజ్' కింద కలిసిపోతాయి. తెలుగులో 'ఆయన డాక్టరు' అంటే క్రియే లేదు, అది సేర్. 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అంటే ఎస్తార్. పదిలో ఎనిమిది చోట్ల ఈ లెక్క పనిచేస్తుంది. పని చేయని చోటు ఒకటి గుర్తుంచుకోండి: పెండ్లి, విందు లాంటివి ఫలానా చోట జరుగుతాయని చెప్పాలంటే సేర్ వాడాలి.

స్పానిష్‌లోని రెండు భూతకాలాలూ అంతే. 'పోయినా' అంటే 'ఫుయి'. రోజూ 'పోతాంటి' అంటే 'ఇబా'. మన సీమ మాటలో ఈ తేడా ఉండనే ఉంది, కొత్తగా పెట్టుకోవాల్సింది లేదు.

తెలుగు సాయం చేయని చోట్లూ చెప్పాలి. అన్నిటికంటే కష్టం లింగం. పాలు స్పానిష్‌లో స్త్రీలింగం, ఫ్రెంచ్‌లో, ఇటాలియన్‌లో పుంలింగం. కారణం వెతికి లాభం లేదు. నోట్సులో మాటను ఒంటరిగా ఎప్పుడూ రాయొద్దు: 'లెచే' కాదు, 'లా లెచే'. 'ఆ'తో ముగిసేవన్నీ స్త్రీలింగమనుకుంటే 'ఎల్ ప్రోబ్లేమా', 'ఎల్ మాపా' దగ్గర మార్కులు పోతాయి. తర్వాతి చిక్కు సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు క్రియకు వచ్చే వేరే రూపం), దానికి మొదటి ఏడాది క్రియారూపాలు నోటికి వచ్చి ఉండాలి.

ఫ్రెంచ్ తీసుకుంటే మాత్రం ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవద్దు. వైన్ 'వాఁ', గాలి కూడా 'వాఁ', రెండూ ఒకటే అయిపోతాయి. మొదటిదానికి పెదవులు పక్కలకు సాగాలి, రెండోదానికి దవడ కిందికి దిగాలి. అది చెవితో పట్టుకోవాల్సిందే. ఫ్రాన్స్ వాళ్ళ ఆర్ఎఫ్ఐ రేడియో సులువైన ఫ్రెంచ్‌లో 10 నిమిషాల వార్తలిస్తుంది, రాతప్రతి కూడా ఉంటుంది. పరీక్షలయ్యాక జూన్ దాకా రోజూ ఒక్క నిమిషం వార్త మూడుసార్లు విని, రాసి, రాతప్రతితో దిద్దుకోండి. మొదటి పది రోజులు సగానికి సగం తప్పులుంటాయి, మానొద్దు.

రెండో రొమాన్స్ భాష (ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ లాంటి లాటిన్ నుంచి పుట్టిన భాష) మొదటిదాంట్లో బీ1 స్థాయి, అంటే యూరప్ కొలతలో మధ్యస్థాయి, దాటాక మొదలుపెట్టండి, ముందే మొదలుపెడితే రెండూ కలగాపులగం. అప్పుడు లాటిన్ దారి అక్కరకొస్తుంది. మడకశిర, హిందూపురం వాళ్ళకు మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అని తెలుసు కదా. లాటిన్ 'ఫ' కూడా స్పానిష్‌లో చాలాచోట్ల 'హ' అయింది, తర్వాత పలకడమే పోయి రాతలో మిగిలింది. పిండి ఇటాలియన్‌లో 'ఫరీనా', స్పానిష్‌లో 'అరీనా'.

పనికి సంబంధించి ఒక మాట. ఊరి దగ్గరే ఉద్యోగం కావాలంటే, పెనుకొండ కియా పుణ్యమా అని కొరియన్‌కే అవకాశం ఎక్కువ. స్పానిష్, ఫ్రెంచ్‌తో బతుకు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో, అనువాదంలో, టీచింగులో. డిగ్రీలో చివరి రెండేళ్ళు సాహిత్యం, చరిత్ర బాగా ఉంటాయి; మాట్లాడటం వస్తే చాలనుకునేవాళ్ళు అక్కడ విసుగెత్తిపోతారు.

కంపెనీలు డిగ్రీతో పాటు బయటి సర్టిఫికెట్ అడుగుతాయి: ఫ్రెంచ్‌కు డెల్ఫ్, స్పానిష్‌కు డెలే. డెలేలో చాలా స్థాయిలకు పరీక్ష భాగాలు రెండు గ్రూపులుగా ఉంటాయి, ఒక్కోదానికి 50కి 30 రావాలి. డెల్ఫ్‌లో 25 మార్కుల భాగాలు నాలుగు, మొత్తం 50 వస్తే పాస్, కానీ ప్రతి భాగంలో కనీసం 5 రావాలి. మిగతా మూడిట్లో కలిపి 60 వచ్చి, వినే భాగంలో 4 వస్తే ఫెయిలే.