రిఫర్బిష్డ్ 12 టీబీ హార్డ్ డిస్క్ ఇంటికి కొనొచ్చా?

వనపర్తి నుంచి మీరు అడిగింది చదివాను. పిల్లల ఫోటోలు, పెండ్లి వీడియోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్‌లు అన్నీ కలిపి ఆరు టీబీ దాకా ఉన్నాయి. కొత్త 12 టీబీ డిస్క్ ధర అందేలా లేదు. చాలా తక్కువకు దొరికే రిఫర్బిష్డ్ డిస్క్ (ఒకసారి వాడి, పరీక్షించి మళ్లీ అమ్మేది) కొంటే మునిగిపోతామా అన్నది మీ భయం.

కొనొచ్చు. నల్గొండలో మా ఇంట్లో అలాంటివే వాడుతున్నాను. మిర్యాలగూడలో పెండ్లి వీడియోలు తీసే మా బావ కూడా వాటి మీదే ఉన్నారు. కానీ ధర కంటే ముందు రిటర్న్ గడువు చూడండి. రిఫర్బిష్డ్ డిస్క్ మంచిదో కాదో ఫోటో చూసి, రివ్యూ చదివి ఎవరూ చెప్పలేరు. ఇంటికొచ్చాక మొత్తం రాసి, మొత్తం చదివి చూస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష గడువులోపు అయిపోవాలి. ఐదొందలు తగ్గించి "నో రిటర్న్" అనేవాళ్ల జోలికి అసలు వెళ్లకండి.

ఇవి ఎక్కువగా డేటా సెంటర్ల (కంపెనీల సర్వర్లు వందల కొద్దీ ఉండే చోట్లు) నుంచి వస్తాయి. అక్కడ నాలుగైదేళ్లు తిరిగాక, పని చేస్తున్నా సరే మార్చేస్తారు. సీగేట్ ఎక్సోస్, వెస్టర్న్ డిజిటల్ అల్ట్రాస్టార్ రకాలు చాలావరకు ఏడాదికి 550 టీబీ రాసే, చదివే పనికి తయారైనవి. మన ఇంట్లో పదేళ్లకు కూడా అంత పని పడదు. అందుకే పాతదైనా భయపడక్కర్లేదు. కాకపోతే శబ్దం ఎక్కువ, పడకగదిలో పెడితే రాత్రి నిద్ర పట్టదు.

తయారు చేసిన కంపెనీయే పరీక్షించి మళ్లీ అమ్మేది వేరు, ఎవరో షాపాయన తుడిచి ప్యాక్ చేసేది వేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతుంటారు, కాబట్టి వారంటీ ఎవరిస్తున్నారో అడగండి. సీరియల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లో వేసి చూడండి. పెద్ద కంపెనీల సర్వర్ల కోసం వెళ్లిన డిస్క్‌లకు సాధారణంగా కంపెనీ వారంటీ మనకు రాదు, అమ్మినవాళ్లదే దిక్కు.

వాడిన గంటలు సున్నా అని కనిపిస్తే సంబరపడకండి, ఆ లెక్కను చెరిపేయొచ్చు. 2025 మొదట్లో యూరప్‌లో కొత్తవని అమ్మిన సీగేట్ డిస్క్‌లు కొన్ని అప్పటికే వేల గంటలు తిరిగినవని బయటపడింది. పైకి కనిపించే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే) లెక్క చెరిపేశారు కానీ, లోపల ఫార్మ్ అనే మరో లాగ్‌లో అసలు గంటలు అలాగే ఉండిపోయాయి. స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఆ లాగ్‌ను చూపిస్తుంది. సీగేట్ కొంటే తప్పకుండా చూడండి. నిజాయితీగా 40 వేల గంటలు చూపించే డిస్క్ నాకు నయమనిపిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు, అంటే దాదాపు నాలుగున్నరేళ్లు ఆగకుండా తిరిగిందన్నమాట.

ఆర్డర్ పెట్టే ముందు అది సాటా (మామూలు కంప్యూటర్లకు తగిలే రకం) డిస్కేనా చూసుకోండి. శాస్ (సర్వర్లకు వాడే రకం) అని ఉంటే ఇంకా చవకగా ఉంటుంది, కానీ మామూలు మదర్‌బోర్డుకు తగలదు, వేరే కార్డు కావాలి.

మాకు మొదటి డిస్క్ వచ్చినప్పుడు పవర్ ఇచ్చినా తిరగలేదు, చప్పుడే లేదు. చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడ్డాం. డేటా సెంటర్ డిస్క్‌లు కొన్నింటిలో పవర్ కనెక్టర్ మూడో పిన్‌కు 3.3 వోల్టులు వస్తే డిస్క్ ఆగిపోతుంది. దూరం నుంచి ఆఫ్ చేసే సౌకర్యం అది. మన పాత పవర్ సప్లై ఆ పిన్‌కు ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటుంది. మోలెక్స్ (పవర్ సప్లైలోని పాత నాలుగు పిన్నుల ప్లగ్) నుంచి సాటాకు మార్చే వైరు వేస్తే సరిపోయింది. మీకూ ఇలా జరిగితే వెంటనే రిటర్న్ పెట్టకండి.

ఇక అసలు పరీక్ష. డబ్బా తెరిచేటప్పుడు సీరియల్ నంబర్ కనిపించేలా వీడియో తీయండి, కొరియర్‌లో దెబ్బ తగిలితే అదే సాక్ష్యం. తర్వాత విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి 05, సీ5, సీ6 వరుసల (డిస్క్‌లో పాడైన, అనుమానం ఉన్న చోట్ల లెక్కలు) స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మూడింటికీ రా వాల్యూస్ గడిలో సున్నా ఉండాలి. అప్పుడు ఫుల్ ఫార్మాట్ పెట్టండి, క్విక్ ఫార్మాట్ కాదు. సెకనుకు 200 ఎంబీ చొప్పున చూసినా 12 టీబీ ఒకసారి రాయడానికి దాదాపు 17 గంటలు, చదవడానికి మరో 17 గంటలు పడుతుంది. లినక్స్ తెలిస్తే బ్యాడ్‌బ్లాక్స్ రైట్ టెస్ట్ ఇంకా గట్టిది, అది రోజుల తరబడి నడుస్తుంది. గాలివానకు కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచే, కాబట్టి సిస్టమ్‌ను ఇన్వర్టర్ లైనుకు పెట్టండి. అయ్యాక ఆ మూడు అంకెలు మళ్లీ చూడండి. మా రెండో డిస్క్‌లో మొదట సున్నా ఉన్న సీ5, రాయడం సగంలో పెరగడం మొదలుపెట్టింది. ముందు, తర్వాత స్క్రీన్‌షాట్లు పంపితే అమ్మినవాళ్లు మారు మాట్లాడకుండా మార్చిచ్చారు. గడువు దాటి ఉంటే ఆ డబ్బు పోయినట్టే. సీ7 (డేటా వైరులో వచ్చే తప్పుల లెక్క) పెరిగితే మాత్రం చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. వైరు మార్చి చూడండి.

మన దగ్గర ఎండ సంగతి మర్చిపోవద్దు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు గాలి ఆడని డబ్బాలో డిస్క్ 55 దాటడం ఎంతసేపు? కంపెనీలు సాధారణంగా 60 దాకా పర్వాలేదంటాయి, నేను 50 లోపే ఉంచుతాను. డిస్క్ ముందు 12 సెంటీమీటర్ల ఫ్యాన్ ఒకటి పెట్టండి, తేడా మీకే కనిపిస్తుంది.

ఒక్కటే కొని అన్నీ అందులో పోసి పాతవి చెరిపేయాలనుకుంటే మాత్రం వద్దంటాను, అది కొత్త డిస్క్ అయినా సరే. నాన్నగారి కాగితాలు, పిల్లల ఫోటోలు పోతే మళ్లీ రావు. రెండు డిస్క్‌లను ఒకే పెట్టెలో మిర్రర్ చేసినా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా పెట్టినా) పిడుగు పడితే రెండూ పోతాయి. మా దగ్గర ఒక కాపీ, మిర్యాలగూడలో బావ దగ్గర ఒక కాపీ ఉంటాయి. పండుగకు వచ్చినప్పుడు కొత్తవి ఎక్కించుకుని వెళ్తారు. మీకు 12 టీబీవి రెండు కొనే వీలు లేకపోతే 8 టీబీవి రెండు తీసుకోండి, విండోస్‌లో ఒక్కోటి 7.2 టీబీ పైన చూపిస్తుంది. మీ ఆరు టీబీకి ప్రస్తుతానికి సరిపోతుంది.