ఇరవై ఒకటికి మైనస్ ఎందుకొచ్చింది?

పాఠకుల ప్రశ్నలు: కంప్యూటర్ శీర్షిక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద పూర్ణసంఖ్యల మీదే. అచ్చులో వీలు కోసం కమాండ్లనూ ఫంక్షన్ల పేర్లనూ పలికినట్టే తెలుగులో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

ప్ర: సీ ప్రోగ్రాంలో ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటి లబ్ధం) 20 దాకా సరిగ్గానే వస్తోంది. 21కి -4249290049419214848 అంటోంది. లూప్ ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు.
— బీటెక్ విద్యార్థిని, రాజాం

జ: లూప్‌లో తప్పు లేదమ్మా, గిన్నె చాల్లేదు. పూర్ణసంఖ్యలు దాచే లాంగ్ లాంగ్ రకానికి ఉన్నవి 64 బిట్లు, అంటే 0 లేదా 1 పట్టే 64 గళ్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 9223372036854775807. 20 ఫ్యాక్టోరియల్ 2432902008176640000 కాబట్టి ఇమిడింది. 21ది 51090942171709440000. పైకి పొర్లిన బిట్లు పోగా మిగిలిన 64లో మొదటిది 1 అయింది, దాన్ని యంత్రం మైనస్‌గా చదివింది. అన్‌సైన్డ్ (మైనస్ లేని రకం) పెడితే 14197454024290336768 వస్తుంది. అదీ తప్పే, కానీ మైనస్ లేదు గనక ఎవరికీ అనుమానం రాదు. ఆ లెక్కన మీకొచ్చిన తప్పే నయం.

దశాంశ సంఖ్యల రకమైన డబుల్‌కి మార్చమని ఎవరైనా చెబితే వినకండి. 22 దాకా అదృష్టవశాత్తూ సరిపోతుంది. 23 ఫ్యాక్టోరియల్ అసలు విలువ 25852016738884976640000 అయితే, డబుల్ ఇచ్చేది 25852016738884978212864. చివర సున్నాలు పోయాయంటేనే తెలియాలి.

దీనికి మందు జీఎంపీ లైబ్రరీ, అంటే చాలా పెద్ద సంఖ్యలతో లెక్కలు చేసే ఫంక్షన్ల మూట. 1991 నుంచి ఉంది, ఉచితం. ఉబుంటులో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌జీఎంపీ-డెవ్' కొట్టండి. చివరి 'డెవ్' మరిచిపోతే హెడర్ ఫైల్ రాదు. ప్రోగ్రాంలో జీఎంపీ.హెచ్ చేర్చి, ఎంపీజెడ్_టీ రకంగా ఎఫ్ అనే చలరాశిని ప్రకటించండి. ఎంపీజెడ్_ఇనిట్_సెట్_యూఐతో దానికి 1 ఇవ్వండి. ఇనిట్ చేయకుండా వాడితే ప్రోగ్రాం కూలిపోవచ్చు. లూప్‌లో ఎంపీజెడ్_మల్_యూఐ(ఎఫ్, ఎఫ్, ఐ) అంటే చాలు. ఫలితం చేరే చోటు ఎప్పుడూ మొదటిది. పని అయ్యాక ఎంపీజెడ్_క్లియర్. అచ్చు వేయడానికి జీఎంపీ_ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు, పెద్ద జెడ్, చిన్న డీ. జెడ్ కూడా చిన్నది పడితే అర్థమే మారిపోయి ఏదో చెత్త సంఖ్య వస్తుంది.

కంపైల్ చేసేటప్పుడు మైనస్ ఎల్‌జీఎంపీ అన్నది సోర్స్ ఫైల్ పేరు *తర్వాత* రావాలి. ముక్కల్ని కలిపి ప్రోగ్రాం తయారుచేసే లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. లైబ్రరీ ముందే ఎదురైతే దానితో ఇంకా అవసరం పడలేదు గనక వదిలేసి పోవచ్చు. అప్పుడు 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని వరసపెట్టి తిడుతుంది. అంతా కుదిరిందో లేదో చూడటానికి 100 ఫ్యాక్టోరియల్ వేయండి: 158 అంకెలు రావాలి.

ప్ర: ఎంపీజెడ్_సెట్_యూఐతో 5000000000 ఇచ్చాను. ఇంట్లో ఉబుంటులో అదే వస్తోంది. ల్యాబ్‌లో విండోస్ మీద 705032704 వస్తోంది. లైబ్రరీలో బగ్గా?
— ఎంసీఏ విద్యార్థి, విజయనగరం

జ: బగ్ కాదు. 5000000000లోంచి 4294967296 తీసేసి చూడండి, మీ 705032704 దొరుకుతుంది. ఆ 4294967296 అంటే 2 ఘాతం 32. యూఐ అంటే అన్‌సైన్డ్ లాంగ్. 64 బిట్ల లినక్స్‌లో అది 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో మాత్రం ఇప్పటికీ 32 బిట్లే. అంటే మీ సంఖ్య జీఎంపీ గుమ్మం తొక్కకముందే విరిగిపోయింది. లోపలికి వెళ్లాక సంఖ్య చెడటం మేం దాదాపు చూడలేదు. చెడేదంతా లోపలికి పంపేటప్పుడూ బయటికి తెచ్చేటప్పుడూ. పెద్ద సంఖ్యను కొటేషన్లలో పెట్టి, ఎంపీజెడ్_సెట్_ఎస్‌టీఆర్‌కి ఆధారం (ఎన్ని అంకెల పద్ధతో) 10 అని చెప్పి ఇవ్వండి, రెండు చోట్లా ఒకటే వస్తుంది. ఎంపీజెడ్_గెట్_యూఐతో బయటికి తీసినా ఇదే కోత పడుతుంది.

ప్ర: మా పిల్లలు 12,50,00,000 అని కామాలతో టైపు చేస్తున్నారు. జవాబు సున్నా వస్తోంది, ఎర్రర్ మాత్రం చూపడం లేదు.
— కంప్యూటర్ బోధకుడు, పలాస

జ: ఎర్రర్ చెప్పింది, మీరు వినలేదు. ఎంపీజెడ్_సెట్_ఎస్‌టీఆర్ సరిగ్గా చదివితే 0, చదవలేకపోతే -1 తిరిగిస్తుంది. మధ్యలో ఖాళీలుంటే సర్దుకుంటుంది గానీ కామా ఒప్పుకోదు. చదవలేనప్పుడు మీ చలరాశిలో మొదటి సున్నా అలాగే ఉండిపోయింది. తిరిగొచ్చిన విలువను ఇఫ్‌తో పరీక్షించండి, కామాలను ముందే ఏరేయండి.

ఇంకో సంగతి. ఆధారం 0 అని ఇస్తే, ముందు సున్నా ఉన్న సంఖ్యను ఎనిమిది ఆధారంగా చదువుతుంది. 0123 కాస్తా 83 అయి కూర్చుంటుంది. 10 అనే ఇవ్వండి.

పైథాన్ కూడా కామాను ఒప్పుకోదు. తెలుగు అంకెలను మాత్రం ఒప్పుకుంటుంది. ఇంట్ ఫంక్షన్‌కి కొటేషన్లలో ౧౨౩ ఇచ్చి చూడండి, 123 వస్తుంది. పిల్లలకు సరదాగా ఉంటుంది. జీఎంపీకి ఇస్తే మళ్లీ -1 పడుతుంది.

ప్ర: వేల అంకెల గుణకారం అంత త్వరగా ఎలా చేస్తుంది? మనం బడిలో చెప్పే పద్ధతేనా?
— గణితం మాస్టారు, బొబ్బిలి

జ: చిన్న వాటికి అదే పద్ధతి మాస్టారూ, చేతిలో ఒకటి పట్టుకోవడంతో సహా. తేడా అల్లా, మన అంకె 0 నుంచి 9 దాకా అయితే, జీఎంపీ 'అంకె' ఒక్కోటి సాధారణంగా 64 బిట్లు. దాన్ని లింబ్ అంటారు. 617 అంకెల సంఖ్య, అంటే రహస్య సందేశాలకు వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంచెవి అంత, 32 లింబ్‌లలో సర్దుకుంటుంది.

సంఖ్య పెరిగేకొద్దీ పద్ధతి మారుస్తుంది. మొదట వచ్చేది 1960లో రష్యన్ గణితజ్ఞుడు కరత్సూబా కనిపెట్టిన కిటుకు. బోర్డు మీద 47 × 86 వేయండి. మామూలుగా నాలుగు గుణకారాలు. ఇక్కడ మూడే: 4 × 8 = 32, 7 × 6 = 42, ఇక (4 + 7) × (8 + 6) = 154. ఆ 154లోంచి 32, 42 తీసేస్తే 80, అదే మధ్య భాగం. 3200 + 800 + 42 = 4042. రెండంకెలకు దీనివల్ల లాభమేమీ లేదు, కూడికలు పెరిగాయి కూడా. కానీ 47లోని 4, 7 ఒక్కోటి వెయ్యి అంకెల ముక్క అనుకోండి, ఆ ముక్కల్నీ మళ్లీ ఇలాగే చీల్చండి. పదిసార్లు చీలిస్తే పాత పద్ధతిలో 1048576 చిన్న గుణకారాలు, ఇందులో 59049. ఇంకా పెద్దవాటికి టూమ్-కుక్, ఆపైన ఎఫ్‌ఎఫ్‌టీ అనే మరింత వేగమైన పద్ధతులు. ఎక్కడ మారాలో ప్రాసెసర్‌ని బట్టి లైబ్రరీయే చూసుకుంటుంది.

ప్ర: పైథాన్‌లో 1000 ఫ్యాక్టోరియల్ వచ్చింది, 2000 ప్రింట్ చేయబోతే వాల్యూఎర్రర్.
— డిగ్రీ విద్యార్థి, ఇచ్ఛాపురం

జ: లెక్క అయిపోయింది, ఆగింది ప్రింట్ దగ్గరే. 1000కి 2568 అంకెలు, 2000కి 5736. వెర్షన్ 3.11 నుంచి 4300 అంకెలు దాటిన సంఖ్యను అక్షరాలుగా మార్చడానికి పైథాన్ ఒప్పుకోదు. లోపల రెండు ఆధారంలో ఉన్నదాన్ని పదిలోకి మార్చడం ఖరీదైన పని, ఎవరైనా కావాలని లక్షల అంకెలు పంపి సర్వర్‌ని కట్టిపడేయవచ్చు. మీ సొంత ప్రోగ్రాంలో సిస్ మాడ్యూల్‌లోని సెట్_ఇంట్_మ్యాక్స్_ఎస్‌టీఆర్_డిజిట్స్‌కి 0 ఇస్తే హద్దు పోతుంది. బయటివాళ్లు అంకెలు పంపే వెబ్‌సైట్‌లో మాత్రం 0 ఇవ్వకండి, మీకు కావలసినంత పెంచుకోండి. 6000 చాలు.