ఇత్తడిని ఎంత కాల్చాలి? పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఒక మిల్లీమీటరు ఇత్తడి రేకుతో చిన్న గిన్నె కొడుతున్నాను. మధ్యలో ఒకసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను. అయినా అంచు చీలింది. నీళ్లలో ముంచడం వల్లే గట్టిపడిందా?

జవాబు: నీళ్ల తప్పు కాదు. కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడేది ఉక్కు. ఇత్తడిని ముంచినా గాలికి వదిలినా మెత్తదనం ఒకటే. ముంచితే పని తొందరగా అవుతుంది, పైన పట్టిన నల్లపొర కొంత రాలుతుంది, అంతే.

ముందు రేకు ఏ రకమో కనుక్కోండి. సుత్తిపనికి సరైనది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్నది. లేత్ పనికోసం సీసం కలిపిన ఇత్తడి చక్కగా తెగుతుంది గాని, సుత్తి కింద పగులుతుంది. దాన్ని ఎన్నిసార్లు కాల్చినా లాభం లేదు. పైగా ఎర్రగా ఉండగానే ముంచితే అక్కడికక్కడే చిట్లవచ్చు.

రేకు సరైనదే అయితే తేడా కాల్చడంలో ఉంది. 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ చాలు. నీడలో చూస్తే అది మసక ఎరుపు. ఎండలో ఆ రంగు కనపడదు, కనపడేదాకా మంట పెడితే హద్దు దాటిపోతుంది. అందరూ చేసే పొరపాటు ఇదే. 700 దాటితే లోపలి రేణువులు పెద్దవై, తర్వాత కొట్టినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకుగా లేస్తుంది. తెల్లటి పొగ వచ్చిందంటే జింకు ఆవిరవుతోందన్నమాట. మంట వెంటనే తీసేయండి. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

మంటను ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉండండి. రేకంతా ఒకే రంగుకు వచ్చాక కొన్ని క్షణాలు చాలు. అంచు పలచన కాబట్టి ముందే వేడెక్కుతుంది, దాన్ని చివర్లో అందుకోండి. సుత్తి ఎగిరిపడుతున్నా, చప్పుడు ఖంగుమంటున్నా అప్పుడే ఆపి కాల్చాలి. గిన్నె మొత్తానికి ఒక్కసారి కాల్చడం చాలా తక్కువ. చీలిక ఇప్పటికే ఉంటే మంట దాన్ని అతకదు. చీలిక చివరిదాకా ఆకురాయితో అరగదీసి గుండ్రం చేశాకే మళ్లీ సుత్తి ఎత్తండి.

ప్రశ్న: ఆమ్లంలో శుభ్రం చేస్తే ఇత్తడి గులాబీ రంగుకు తిరిగింది. ఎందుకు?

జవాబు: వాడిన ఆమ్లంలో రాగి కరిగి ఉంటుంది. ఇనుప పట్టకారు తగిలితే ఆ రాగి వచ్చి ఇత్తడి మీద పూత పడుతుంది. రాగి, ప్లాస్టిక్ పట్టకార్లే వాడండి.

ప్రశ్న: పూర్తిచేసి పెట్టిన పాత్ర నెలల తర్వాత దానంతటదే పగిలింది. మెరుగుపెట్టే ద్రావణం తప్ప ఏమీ తగల్లేదు.

జవాబు: ఆ ద్రావణంలో అమోనియా ఉందేమో చూడండి. కొట్టిన ఇత్తడిలో బిగువు మిగిలి ఉంటుంది. దానికి తేమ, అమోనియా తోడైతే పగుళ్లు తీస్తుంది. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో నిలవచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాయే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. పని ముగిశాక 260 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే గట్టిదనం పోకుండానే బిగువు సడలుతుంది. అమోనియా ఉన్న ద్రావణం మాత్రం మానేయండి.

ప్రశ్న: తూటా గొట్టాల మూతి దగ్గర నీలిరంగు పట్టీ కనపడుతుంది. అది మెత్తబరచడానికి మంటలో వేడిచేసిన గుర్తేనా?

జవాబు: అవును. మూతి, మెడ మాత్రమే మెత్తబరుస్తారు, గుండును బిగించినా పగలకుండా. అడుగుభాగం పేలుడు ఒత్తిడిని ఆపాలి కాబట్టి దాన్ని గట్టిగానే ఉంచుతారు. గొట్టం మొత్తాన్ని మంటలో వేడిచేసి మెత్తబరిస్తే అది ప్రమాదకరం. మెత్తబడిన అడుగును మంటతో మళ్లీ గట్టిపరచలేరు, అలాంటిది తుక్కులో వేయాల్సిందే.