సెర్చ్‌లో 4,000 వ్యాసాలు వచ్చాయి, సిస్టమాటిక్ రివ్యూ ఒక్కరే చేయడం ఎలా?

బెంగళూరు భవన నిర్మాణ పనులకి వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లల చదువు మీద మీ పీహెచ్‌డీ. సిస్టమాటిక్ రివ్యూ (ఒక అంశం మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒక పద్ధతిలో వెతికి, ఏరి, కలిపి చూడడం) కోసం వ్యాసాల డేటాబేసు స్కోపస్‌లో వెతికితే 4,000 పైనే వచ్చాయి, ఒక్కరే ఎలా చదవాలని అడిగారు. ఇప్పుడే చదవడం మొదలుపెట్టకండి. ఇంత ఇరుకైన అంశానికి అన్ని వచ్చాయంటే వెతికిన తీరు సరిచూసుకోవాలి. ఎక్కువ సమయం దీనిమీదే పెట్టండి. ఇక్కడ జారిపోయిన వ్యాసం తర్వాత దొరకడం చాలా కష్టం.

తప్పక రావాల్సిన పది పదిహేను వ్యాసాలు ముందే ఏరి పెట్టుకోండి. గైడ్‌ని అడగండి, పాత థీసిస్‌ల రిఫరెన్సులు చూడండి. సెర్చ్ స్ట్రింగ్ (డేటాబేసులో వెతకడానికి ఇచ్చే మాటల వరస) మార్చినప్పుడల్లా అవన్నీ వచ్చాయా అని సరిచూడండి. ఒకటి రాలేదంటే దాని టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్లు తెరిస్తే మీ స్ట్రింగ్‌లో లేని మాట కనబడుతుంది. స్ట్రింగ్‌లోని మాటల్ని గుంపులు చేయండి: వలస ఒక గుంపు, పిల్లల చదువు ఒక గుంపు, ప్రాంతం ఒక గుంపు. గుంపు లోపల ‘ఆర్’, గుంపుల మధ్య ‘ఆండ్’, ప్రతి గుంపు చుట్టూ బ్రాకెట్లు. మీ 4,000కి కారణం బహుశా ‘ఆల్ ఫీల్డ్స్’లో వెతకడం. అందులో మాట రిఫరెన్సుల జాబితాలో ఉన్నా లెక్కలోకి వచ్చేస్తుంది. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్లకే పరిమితం చేయండి.

ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త. 2014 నవంబరుకి ముందు రాసినవాళ్లకి ఈ ఊరు బ్యాంగలోర్. పాలమూరు కూలీల మీద వచ్చినవాటిలో మహబూబ్‌నగర్ స్పెల్లింగ్ ఒకేలా ఉండదు, 2014 జూన్ దాకా ఆ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లోది. కొన్ని అబ్‌స్ట్రాక్టుల్లో ‘ఇండియా’ తప్ప ఊరి పేరే ఉండదు, కాబట్టి దాన్నీ చేర్చాలి. ‘లేబర్’కి బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ, వలసకి ‘సీజనల్’, ‘సర్క్యులర్’, ‘డిస్ట్రెస్’ మూడూ పెట్టండి.

స్కోపస్ ఒక్కటే చాలదు. చదువు కోసం విద్యారంగ డేటాబేసు ఎరిక్, దాంతోపాటు అన్ని రంగాల డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్ చూడండి. జర్నళ్ల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్‌లో చాలా వ్యాసాలకి అబ్‌స్ట్రాక్టే ఉండదు, కాబట్టి అక్కడ అబ్‌స్ట్రాక్ట్‌లో వెతికితే అసలైనవి పోతాయి. గూగుల్ స్కాలర్ ఎన్ని దొరికాయన్నా చూపించేది మొదటి 1,000 మాత్రమే. మొదటి 200, 300 చూసి ఆపండి, ఎక్కడ ఆపారో రాసుకోండి. మన ప్రాంతపు సమాచారం చాలావరకు జర్నళ్ల బయటే ఉంటుంది: శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) థీసిస్‌లు, బెంగళూరు నాగరభావి ఐసెక్, చెన్నై అడయార్ మిడ్స్ అనే పరిశోధన సంస్థల వర్కింగ్ పేపర్లు, స్వచ్ఛంద సంస్థల నివేదికలు. వీటిని వదిలేస్తే రివ్యూ సగమే అవుతుంది. వెతికిన ప్రతిసారీ తేదీ, డేటాబేసు, పూర్తి స్ట్రింగ్, వచ్చిన సంఖ్య ఎక్సెల్‌లో ఎక్కించండి. ప్రిస్మా 2020 (సిస్టమాటిక్ రివ్యూ ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకాలు) ఫ్లో డయాగ్రమ్‌కి ఈ అంకెలే కావాలి, తర్వాత గుర్తుతెచ్చుకుని రాయడం కుదరదు.

ప్రోటోకాల్ (రివ్యూ ఎలా చేస్తారో ముందే రాసుకున్న ప్రణాళిక) స్క్రీనింగ్‌కి, అంటే వచ్చిన వ్యాసాల్లో ఏవి ఉంచాలో ఏరడానికి, ముందే రిజిస్టర్ చేయండి. ప్రాస్పెరో అనే రిజిస్ట్రీ ఆరోగ్య సంబంధమైనవాటికి, మీది ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) సైట్‌లో పెట్టుకోవచ్చు.

డూప్లికేట్లు రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ జోటెరోలో తీసేసి, స్క్రీనింగ్ అందుకోసమే ఉన్న రయ్యన్ అనే సాధనంలో చేయండి. ఒక్కరే అయినా మొదటి 50 అబ్‌స్ట్రాక్టులు ఇంకో స్కాలర్‌తో విడివిడిగా చూడండి. కప్పా (ఇద్దరి తీర్పులు ఎంత కలిశాయో చెప్పే అంకె) 0.6 కన్నా తక్కువొస్తే అవతలివారిని తప్పుపట్టకండి, మీ నిబంధనలు స్పష్టంగా లేవన్నమాట. ‘వలస పిల్లలు’ అంటే తల్లిదండ్రులతో సైట్‌కి వచ్చినవాళ్లా, ఊళ్లో అవ్వాతాతల దగ్గర ఉండిపోయినవాళ్లా? ఇలాంటి చోటే ఇద్దరి తీర్పులు విడిపోతాయి. నిబంధన తిరగరాసి మళ్లీ 50 చూడండి. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ దశలో తీసేసినవాటికి కారణం రాయక్కర్లేదు. ఫుల్ టెక్స్ట్ చదివి తీసేసిన ప్రతిదానికీ రాయాలి.

అధ్యయనాల నాణ్యత చూడడానికి 2018 నాటి ఎమ్‌మ్యాట్ అనే ప్రశ్నల జాబితా పనికొస్తుంది, మీ అంశంలో సర్వేలూ ఇంటర్వ్యూలూ కలిసే ఉంటాయి కాబట్టి. మార్కులు కూడి ఒక్క అంకె ఇవ్వకండి, దాన్ని తయారుచేసినవాళ్లే వద్దంటారు. ఒకే సర్వేమీద మూడు వ్యాసాలొస్తే అది ఒక్క అధ్యయనమే, మూడుగా లెక్కేస్తే అదే కుటుంబాలు మూడుసార్లు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ‘ఎనిమిదింట్లో బడి మానేశారు, నాలుగింట్లో మానలేదు’ అని ఓట్లు లెక్కపెట్టినట్టు తేల్చకండి. ఎవరిని అడిగారు, ఏ నెలలో అడిగారు, సైట్ దగ్గర బడి ఉందా అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడాకి కారణం తెలుస్తుంది.

థీసిస్ సమర్పించేనాటికి సెర్చ్ చేసి ఏడాది దాటితే అవే స్ట్రింగులతో మళ్లీ వెతికి కొత్తవి కలపండి.