కంప్యూటరు ప్రశ్నలు – జవాబులు: పాస్‌వర్డ్ సరైనదే, ఉత్తరాలే రావడం లేదు

ప్రశ్న: నా వయసు 72 ఏళ్లు. రైల్వేలో పనిచేసి రిటైరై చెన్నైలోని పెరంబూరులో స్థిరపడ్డాను. పదిహేనేళ్లుగా ఇంటి కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము ద్వారా ఈమెయిళ్లు చూసుకుంటున్నాను. 2022లో ఒకసారి ఉత్తరాలు ఆగిపోతే మా మేనల్లుడు వచ్చి, ఒక కాగితం మీద రాసుకున్న పదహారు అక్షరాలేవో కొట్టి బాగుచేశాడు. ఈమధ్య బ్యాంకువారి హెచ్చరిక చదివి మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. ఆ రోజు నుంచి థండర్‌బర్డ్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. కొత్తది ఎన్నిసార్లు ఇచ్చినా తప్పంటోంది. అదే పాస్‌వర్డుతో బ్రౌజరులోనూ ఫోనులోనూ మెయిల్ చక్కగా తెరుచుకుంటోంది. మరో రెండుసార్లు మార్చి చూసినా ఫలితం లేదు. మా వీధి దుకాణంవారు కంప్యూటరు ఫార్మాట్ చేయాలన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేస్తే, ఏదో యాప్ పెట్టుకోమన్నారు. భయం వేసి ఫోన్ పెట్టేశాను. మా అబ్బాయి అమెరికా నుంచి వాళ్లమ్మకు రాసిన ఉత్తరాలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: అన్నిటికంటే ముందు, దయచేసి ఫార్మాట్ చేయించకండి. మీ కంప్యూటరు పాడవలేదు, మీరు ఏ తప్పూ చేయలేదు. థండర్‌బర్డ్‌లో పాప్ పద్ధతిని ఎంచుకున్నవారికి ఉత్తరాలు సర్వరు (మెయిల్ సంస్థ కంప్యూటరు) నుంచి దిగి ఇంటి కంప్యూటరులోనే నిలవ ఉంటాయి. అమరికను బట్టి సర్వరులోని ప్రతులు తుడిచిపెట్టుకుపోవచ్చు కూడా. మీది అలాంటి అమరికే అయితే, మీ శ్రీమతిగారికి వచ్చిన ఉత్తరాలకు ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క ప్రతి మీ హార్డ్‌డిస్క్‌లో ఉంది. పాస్‌వర్డ్ చిక్కు కోసం దానిని తుడిచేయమనే సలహా విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది.

కాబట్టి మొదటి పని ఉత్తరాలను కాపాడుకోవడం. థండర్‌బర్డ్‌లో ‘హెల్ప్’ కింద ఉన్న ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ‘ప్రొఫైల్ ఫోల్డర్’ అన్న వరుస కనిపిస్తుంది. దాని పక్కనున్న బటన్ నొక్కితే మీ ఉత్తరాలున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అప్పుడు థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసివేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ వాడేటట్లయితే ఒక జాగ్రత్త: అది ఫాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ కన్నా పెద్ద ఫైలును తీసుకోదు, థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో పెట్టెలోని ఉత్తరాలన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా దాస్తుంది కనుక పదిహేనేళ్ల ఇన్‌బాక్స్ ఆ హద్దు దాటి ఉండవచ్చు. రిచ్చీ స్ట్రీటులో ఒక చిన్న హార్డ్‌డిస్క్ కొనుక్కోవడం మేలు. ఈ పని ముగిసేవరకు మిగిలిన దేనినీ ముట్టుకోవద్దు.

ఇక అసలు కారణం. మీ లేఖలోని పదహారు అక్షరాల ప్రస్తావనే నాకు దారి చూపింది. 2022 మే 30 నుంచి గూగుల్, వ్యక్తిగత ఖాతాలలో మామూలు పాస్‌వర్డుతో బయటి మెయిల్ ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం మానేసింది. మైక్రోసాఫ్ట్ కూడా తన వ్యక్తిగత మెయిల్ ఖాతాలలో 2024 సెప్టెంబరు 16న అదే పని చేసింది. జీమెయిల్ వాడేవారికి అప్పట్లో మిగిలిన దారులలో ఒకటి యాప్ పాస్‌వర్డ్, అంటే ఒక్క ప్రోగ్రాము కోసమే తయారయ్యే పదహారు అక్షరాల తాళంచెవి. మీ మేనల్లుడు కొట్టింది అదే అయి ఉండాలి. జీమెయిల్‌లో అసలు పాస్‌వర్డ్ మార్చిన క్షణంలో పాత యాప్ పాస్‌వర్డులన్నీ రద్దయిపోతాయి. థండర్‌బర్డ్ ‘పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని మాత్రమే అడుగుతుంది; ఏ పాస్‌వర్డో చెప్పదు. మీరు సరైన పాస్‌వర్డునే ఇచ్చారు, కానీ ఆ తలుపుకు ఆ తాళంచెవి పనికిరాదు. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఆ చిన్న పెట్టెలో ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఎందరో పెద్దవాళ్లకు ఈ మనోవేదన తప్పేది.

కొత్త యాప్ పాస్‌వర్డ్ తెచ్చుకోవచ్చు. దానికి ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతోపాటు ఇంకో విధంగా కూడా మీరేనని నిర్ధారించే ఏర్పాటు) ఉండాలి. అయితే మీకు నేను సూచించేది ఓఆథ్2 అనే పద్ధతి. ఇందులో థండర్‌బర్డ్ మీ పాస్‌వర్డును దాచుకోదు. మెయిల్ సంస్థ సొంత పేజీయే ఒక కిటికీలో తెరుచుకుంటుంది, మీరు బ్రౌజరులో ఇచ్చే పాస్‌వర్డునే అక్కడ ఇస్తారు. మళ్లీ ఎప్పుడైనా పాస్‌వర్డ్ మారిస్తే ఆ కిటికీ ఇంకోసారి కనిపిస్తుంది, అంతే.

‘సెట్టింగ్స్’లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘సేవ్డ్ పాస్‌వర్డ్స్’ తెరిచి, మీ మెయిలుకు సంబంధించిన పాత నమోదులను తొలగించండి. ఆ తర్వాత ‘అకౌంట్ సెట్టింగ్స్’లో ‘సర్వర్ సెట్టింగ్స్’కు వెళ్లి, ‘అథెంటికేషన్ మెథడ్’ అన్నచోట ఓఆథ్2ను ఎంచుకోండి. ఇక్కడితో పని అయిందని చాలామంది ఆగిపోతారు. ఉత్తరాలు వస్తాయి, కానీ వెళ్లవు. మళ్లీ నిరాశ మొదలవుతుంది. ఉత్తరాలు పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది, వాటిని తెచ్చుకునే పాప్ 1984లో విడిగా పుట్టింది, అందువల్ల నేటికీ ఈ రెంటికీ సర్వర్లు వేరు, అమరికలు వేరు, దాచుకున్న పాస్‌వర్డులు కూడా వేరు. అదే పేజీలో ఎడమవైపు చివరన ఉండే ‘ఔట్‌గోయింగ్ సర్వర్’ తెరిచి అక్కడా ఓఆథ్2 పెట్టండి. పోర్టు సంఖ్యలు (సర్వరులో ఏ ద్వారం గుండా వెళ్లాలో చెప్పేవి) ఉత్తరాలు తెచ్చుకునే పాప్‌కు 995, పంపే ఎస్‌ఎంటీపీకి 465 లేదా 587 ఉండాలి. ఓఆథ్2 కిటికీ తెరుచుకోకుండా ఖాళీగా నిలిచిపోతే థండర్‌బర్డ్‌లో కుకీలను (వెబ్ పేజీలు కంప్యూటరులో దాచుకునే చిన్న గుర్తులను) అనుమతించారో లేదో చూడండి. ఓఆథ్2 అన్న మాటే జాబితాలో లేకపోతే మీ థండర్‌బర్డ్ పాతది. ప్రతి తీసుకున్నారు కనుక నిశ్చింతగా కొత్త దానికి మార్చుకోవచ్చు.

ఆ ఫోన్ పెట్టేయడం మీరు చేసిన అతి మంచి పని. అలాంటి యాప్ ద్వారా అవతలివారు మీ తెరను చూడగలరు, బ్యాంకు ఖాతాను కూడా. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: పెళ్లి ఫొటోలు మొత్తం 20 ఎంబీయే ఉన్నా, 25 ఎంబీ హద్దు దాటిందంటూ మెయిల్ వెళ్లడం లేదు. లెక్క ఎక్కడ తప్పింది?

– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: లెక్క మీది తప్పలేదమ్మా. ఈమెయిల్ మొదట అక్షరాల కోసమే ఏర్పడింది కనుక, ఫొటోలను కూడా అక్షరాలుగా మార్చి పంపుతుంది. ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాలు పడతాయి. దానితో 20 ఎంబీ కాస్తా దారిలో దాదాపు 27 ఎంబీ అవుతుంది. ఒక్కో ఉత్తరానికి 18 ఎంబీ దాటకుండా ఫొటోలను రెండు ఉత్తరాలుగా విడదీసి పంపండి.