తుంటి మార్పిడి తర్వాత కుంటడం, నొప్పి: మీ అమ్మగారి గురించి

ఏవండీ, రెండు నెలలైనా అమ్మగారు కుంటుతున్నారు, ఆపరేషన్ పాడైందేమో అని కంగారు పడుతున్నారు కదా, చాలామందికి ఇలాగే ఉంటదండీ. కీలు కొత్తదే గానీ పిరుదు పక్కన కండరం ముందు నుంచే నీరసపడి ఉంటది, నొప్పికి ఏళ్ల తరబడి ఆ కాలు మీద బరువెయ్యరు కదా, అందుకే అడుగేస్తే నడుం ఓ పక్కకి ఒరుగుద్ది. కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నారో చూడండి ముందు. మా ఇంట్లో అందరూ నొప్పున్న వైపే పట్టుకోమనేవారు, కాదండీ, ఎడమ తుంటికి చేస్తే కర్ర కుడి చేతిలో ఉండాలి, కర్రా ఆ కాలూ కలిసి ముందుకి పడాలి. తొందరపడి కర్ర వదిలేసి కుంటుకుంటూ తిరిగితే అదే అలవాటైపోద్ది. కాలవ గట్టు మీద నడక వద్దు, వానకి జారుద్ది, ఇంటి ముందు సిమెంట్ రోడ్డు చాలు. నులక మంచం కుంగిపోద్ది, పీట అసలొద్దు, మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు. రాత్రిళ్ళు కాళ్ల మధ్య తలగడ పెట్టండి. కట్టు కట్టేవాళ్ల దగ్గరకి తీసుకెళ్లమని మన చుట్టాలు చెప్తానే ఉంటారు, ఆయ్ అనేసి ఊరుకోండి. పిక్క వాచినా, జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, ఉన్నట్టుండి నొప్పొచ్చి కాలు కురచైనట్టు కనబడినా మాత్రం ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి చూపించండి.